తూకం వెంటనే సర్వర్‌కు పంపాలా, సాయంత్రం ఒకేసారి పంపాలా?

కాశీబుగ్గ లెక్కలు:
ఇక్కడ ఒక జీడిపప్పు కర్మాగారానికి బ్రౌజర్‌లో నడిచే చిన్న అప్లికేషన్ రాస్తున్నాను. పొట్టు తీసిన పప్పు తూచినప్పుడల్లా గుమాస్తా తన ఫోనులో కూలీ నంబరు, గ్రేడు (240, 320, బద్ద, ముక్క), కిలోలు నమోదు చేస్తాడు. కూలి కిలోల లెక్కనే. యజమాని సాయంత్రం ఒకసారి బటన్ నొక్కితే చాలంటున్నారు. ఎప్పటికప్పుడు చేరాలన్నది నా పట్టు. షెడ్డులో సిగ్నల్ నిలకడగా ఉండదు. ఏది మేలు?

విజయనగరం కోట:
ఇందులో చర్చ ఏముంది? వెంటనే పంపండి. ఫోను నేలపాలైతే అంతమంది ఆడవాళ్ల రోజు కూలి గల్లంతు.

సోంపేట పాతకాపు:
అసలు మధ్యలో సర్వర్ ప్రోగ్రామ్ దేనికి? మా రోజుల్లో జావా యాప్లెట్ (వెబ్‌పేజీతో పాటు దిగి బ్రౌజర్‌లోనే నడిచే చిన్న జావా ప్రోగ్రామ్) నుంచి నేరుగా డేటాబేస్‌లోకే రాసేవాళ్లం.

బొబ్బిలి వీణ:
పాతకాపు గారూ, ఆ యాప్లెట్‌లోనే డేటాబేస్ పాస్‌వర్డూ ఉండేది కదండీ! బ్రౌజర్‌కు దిగిన క్లాస్ ఫైలును, అంటే ఆ యాప్లెట్ కోడ్‌ను, విప్పి చదవడం ఎంత సేపు? పైగా డిజిటల్ సంతకం లేని యాప్లెట్ తాను వచ్చిన సర్వర్‌తో తప్ప మరో యంత్రంతో మాట్లాడలేదు. అందుకని డేటాబేస్‌నూ అక్కడే, ఇంటర్నెట్‌కు తలుపులు బార్లా తెరిచి కూర్చోబెట్టేవారు. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో యాప్లెట్లను నడిపే జావా ప్లగిన్‌కు సెలవిచ్చేశాయి. దాని బదులు ఇప్పుడు బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ నడుస్తున్నా, బ్రౌజర్‌కు దిగినదేదీ రహస్యం కాదు.

సోంపేట పాతకాపు:
పాస్‌వర్డ్ సంగతి సరే. 18.5 బదులు 185 కొడితే? సాయంత్రమైతే పుస్తకంతో సరిచూసుకుని పంపుతాడు.

బొబ్బిలి వీణ:
185ను ఆపాల్సింది సర్వర్. ఫోనులో పెట్టే తనిఖీ గుమాస్తా సౌకర్యానికే, దాన్ని ఎవరైనా దాటేయగలరు. తప్పు పడితే పాత వరుస చెరపకుండా సవరణను కొత్త వరుసగా రాయండి. రేపు కూలీ నిలదీస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

నన్నడిగితే అసలు ప్రమాదం వేరు. తూకం సర్వర్‌కు చేరింది, "అందింది" అన్న జవాబు మాత్రం దారిలో పోయింది. ఫోను మళ్లీ పంపుతుంది. ఒకే తట్టకు రెండుసార్లు కూలి! అందుకే ప్రతి తూకానికీ ఫోనులోనే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టించండి. డేటాబేస్‌లో ఆ సంఖ్య రెండోసారి పడకూడదన్న నిబంధన పెట్టండి. అదే సంఖ్య మళ్లీ వస్తే సర్వర్ కసురుకోకుండా "అందింది" అనే చెప్పాలి, లేకపోతే ఫోను పంపుతూనే ఉంటుంది.

క్రమం ఇది: ముందు ఇండెక్స్‌డ్‌డీబీలో (ఫోను బ్రౌజర్‌లోనే ఉండే నిల్వలో) దాచాలి, సిగ్నల్ దొరికినప్పుడు పంపాలి, జవాబు వచ్చాకే ఫోనులోది తీసేయాలి. సాయంత్రం దాకా ఆగడం నాకు నచ్చదు. ఫోనులో చోటు తగ్గితే బ్రౌజర్ తన నిల్వను తానే ఖాళీ చేయవచ్చు.

విజయనగరం కోట:
ఈ వరస బాగుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. సిగ్నలే లేని అలాంటి రోజున నేను చెప్పిన "వెంటనే" ఎక్కడ సాగుతుంది?

కాశీబుగ్గ లెక్కలు:
అందనివి ఎరుపులో, అందినవి పచ్చగా చూపిస్తాను. తేదీకి ఫోను గడియారమా, సర్వర్ గడియారమా?

బొబ్బిలి వీణ:
రెండూ దాచండి. కూలి తేదీకి ఫోనుది, తగాదా వస్తే సర్వర్‌ది.

సోంపేట పాతకాపు:
గుమాస్తా ఫోను తేదీ మార్చేస్తే?

బొబ్బిలి వీణ:
రెండు సమయాలకూ ఒక రోజుకు మించి తేడా వస్తే ఆ వరుసను యజమాని తెరకు పంపండి. ఆయన సరే అనే దాకా కూలి లెక్కలో కలపకండి.