సొంత కమాండ్‌లైన్ స్క్రిప్టులను రెండు కంప్యూటర్లలో ఒకేలా ఉంచుకోవడం ఎలా?

ప్రశ్న: ఏళ్లుగా రాసుకున్న షెల్ స్క్రిప్టులు (టైపు చేసిన కమాండ్లను నడిపే ‘షెల్’ అనే ప్రోగ్రామ్ కోసం రాసిన కమాండ్ల ఫైళ్లు) హోమ్ డైరెక్టరీలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. లినక్స్, మ్యాక్ రెండింటిలోనూ వీటిని ఒకేలా ఉంచుకోవడానికి ఏ పద్ధతి మేలు?

జవాబు 1: అన్నింటినీ ఒకే గిట్ రిపాజిటరీలో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే నిల్వలో) చేర్చి, పాత్ వేరియబుల్‌లో (షెల్ కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో) ఉన్న ఒక డైరెక్టరీలోకి గ్నూ స్టో అనే ప్రోగ్రామ్ సాయంతో సింబాలిక్ లింకులు (అసలు ఫైలు వైపు చూపే లింకులు) వేసుకుంటే, ఏ ఫోల్డరులో ఉన్నా పేరు టైపు చేయగానే అవి నడుస్తాయి. పాస్‌వర్డులను మాత్రం అందులో పెట్టవద్దు. తర్వాత తొలగించినా పాత కమిట్లలో (గిట్ భద్రపరిచిన పాత ప్రతుల్లో) మిగిలే ఉంటాయి.

జవాబు 2: లింకులతోనే పని పూర్తికాదు. లినక్స్‌లో చక్కగా నడిచే ‘సెడ్ -ఐ’ (ఫైలులోని పాఠ్యాన్ని అక్కడికక్కడే మార్చే కమాండ్) మ్యాక్‌లో తడబడుతుంది, ఎందుకంటే అక్కడ ఉండే బీఎస్‌డీ రకం సెడ్ ‘-ఐ’ తర్వాత బ్యాకప్ ఫైలు ఎక్స్‌టెన్షన్‌ను, కనీసం ఖాళీ కోట్లనైనా, తప్పనిసరిగా అడుగుతుంది.

జవాబు 3: పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. స్క్రిప్టుకు ‘టెస్ట్’ అని పేరు పెడితే, షెల్‌లో అంతర్నిర్మితంగా ఉన్న కమాండే ముందు నడుస్తుంది. ఒక పేరుతో ఏయే కమాండ్లు ఉన్నాయో చూపే ‘టైప్ -ఏ’తో ముందే సరిచూసుకోండి.