కాలువలకు నీళ్లు వదిలాక గోడకు ఎక్కుతున్న చెమ్మ: సలహా కావాలి

ప్రశ్న: గృహిణి, అంబాజీపేట దగ్గరి పల్లె

సభ్యులందరికీ నమస్కారం. 1996 నవంబరు తుపానులో మా పాత పెంకుటిల్లు పడిపోయిన తరువాత మా మామగారు కట్టించిన డాబా ఇల్లు మాది. ఇటుక గోడలు, సిమెంటు ప్లాస్టరింగు. ఇంటికి ఉత్తరాన కొబ్బరితోట, తోట అంచునే పంట బోదె (పొలాలకు నీరు పారే చిన్న కాలువ) ఉన్నాయి. ఏటా సార్వాకు (వానాకాలపు వరికి) కాలువలు వదిలిన కొన్ని వారాలకు ఉత్తరపు గోడ లోపలి వైపున, నేల నుంచి నడుము ఎత్తు దాకా తడి మరక తేలుతుంది. మొదట రంగు బుడగలుగా ఉబ్బుతుంది. వేలు పెడితే ఆ బుడగ చిట్లి, దాని వెనక నుంచి మెత్తటి తెల్లని పొడి జలజలా రాలుతుంది. పొద్దున శుభ్రంగా ఊడ్చిన చోట సాయంత్రానికి మళ్లీ అదే పొడి కనిపిస్తుంది. గోడకు ఆనించి ఉన్న బీరువా వెనక రేకు తుప్పు పట్టింది, బియ్యం బస్తాల అడుగున ముక్క వాసన వస్తోంది.

రెండేళ్ల క్రితం ఒక రంగుల దుకాణం వారి మాట విని, చెమ్మను ఆపుతుందన్న పూత రెండు దఫాలు వేయించాము. ఆ ఏడాది బాగానే ఉంది కానీ ఇప్పుడు తడి మరక కిటికీ గడప కన్నా పైకి వచ్చింది. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి ఉంది, పందిరి ఇంటి ముందే వేస్తాము, బంధువులందరూ ఈ గదిలోనే దిగుతారు. ఒక మేస్త్రి గారు నాలుగడుగుల ఎత్తు వరకు టైల్సు అంటించమంటున్నారు, మరొకరు గోడ కనిపించకుండా పీవీసీ పలకలు బిగిస్తే చాలునంటున్నారు. ఈ రెండింటిలో ఏది మేలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఇంజనీరు, రామచంద్రపురం

అమ్మా, ఆ రెండూ వద్దు. గోడలోకి నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా పైన ఏది అంటించినా డబ్బు గోడకు పోసినట్లే అవుతుంది. మరక నేల నుంచి మొదలై ఇంచుమించు ఒకే ఎత్తులో గోడ పొడవునా పాకితే అది పునాది నుంచి ఎక్కుతున్న చెమ్మ. ఒక్కచోట గుండ్రంగా, స్నానాలగది గోడకో కుళాయి గొట్టం వెళ్లే దారికో దగ్గరగా ఉంటే గొట్టం కారుతోందని అనుమానించాలి. పైనుంచి కిందికి దిగితే డాబా పిట్టగోడ మొదట్లో పగుళ్లు చూడాలి. ఇవి కాక వానాకాలపు గాలిలోని తేమ చల్లని గోడ మీద పేరుకోవడం కూడా ఉంటుంది.

దీన్ని తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు కాగితాన్ని చదరపు అడుగు ముక్కగా కత్తిరించి, తడి ఉన్న చోట పైన తుడిచి ఆరనిచ్చి, నాలుగు అంచులా గట్టి టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజుల తరువాత విప్పి, గోడ వైపు తడిసిందో గది వైపు తడిసిందో చూడండి. గోడ వైపు తడి ఉంటే నీరు గోడ లోపలి నుంచి వస్తోంది; గది వైపే తడి ఉంటే అది గాలిలోని తేమ. గొట్టాల సంగతి తెలియడానికి రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, డాబా మీది ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టి, తెల్లవారాక ఎవరూ నీళ్లు వాడకముందే చూసుకోండి. అలాగే ఉత్తరపు గోడ బయట నేల ఎంత ఎత్తున ఉందో, లోపలి గచ్చుతో పోల్చి కొలిచి చెప్పండి. నాకు అసలు అనుమానం అక్కడే ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఇంజనీరు గారూ, మీరు చెప్పినట్లే చేశాము. రేకు కాగితం గోడ వైపే తడిసింది, గది వైపు పొడిగా ఉంది. ట్యాంకులో మట్టం తగ్గలేదు. బయటి నేలను మావారు కొలిచారు. ఇల్లు కట్టినప్పుడు బేస్‌మట్టం రెండడుగులు పైకి కనిపించేదట. తరువాత వీధిలో సిమెంటు రోడ్డు ఎత్తు పెంచారు, వాన నీరు మా దొడ్లోకి దిగుతోందని మేము కూడా మట్టి తోలించి మెరక చేయించాము. ఇప్పుడు ఉత్తరం వైపు మట్టి లోపలి గచ్చుతో సమానంగా ఉంది. బట్టలుతికే బండ కూడా అక్కడే, గోడకు మూరెడు దూరంలో ఉంది.

జవాబు: విశ్రాంత ఇంజనీరు, రామచంద్రపురం

కారణం దొరికిందమ్మా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన డెల్టాలో భూగర్భ జలం కాలువల లెక్క ప్రకారమే పెరిగి తరుగుతోంది. జూన్‌లో నీరు వదిలాక కాలువ, బోదె, వరిచేను మూడింటి నుంచి ఊట దిగి నేలలో నీటి మట్టం పునాదిని తాకేంత పైకి వస్తుంది. దాళ్వా (రెండో పంట) తరువాత ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు మళ్లీ దిగుతుంది. ఇటుకకూ సిమెంటు అతుకులకూ ఉండే సన్నని రంధ్రాలు దీపపు వత్తి నూనెను లాగినట్లు ఆ నీటిని పైకి లాగుతాయి. మామూలు ఇటుక గోడలో అది సుమారు మూడు, నాలుగు అడుగుల వరకు ఎక్కి, అక్కడ గాలికి ఆరుతుంది. దీన్ని ఆపడానికే గోడ లేపేముందు బేస్‌మట్టం మీద మేస్త్రీలు డీపీసీ అనే గట్టి కాంక్రీటు పొర వేస్తారు. ఆ పొర మీ ఇంట్లో ఉండే ఉంటుంది, కానీ మెరక చేసినప్పుడు బయటి మట్టి దానిని దాటి పైకి వచ్చింది కనుక చెమ్మ పక్కనుంచి నేరుగా ఇటుకలోకి పోతోంది.

ఇక ఆ తెల్లపొడి నేలలోనూ ఇటుకలోనూ ఉండే లవణాలు. అవి నీటిలో కరిగి పైకి వచ్చి, నీరు ఆవిరయ్యే చోట గడ్డకట్టి, ఆ ఒత్తిడితో ప్లాస్టరింగును, రంగును తోసేస్తాయి. చెమ్మను ఆపే పూత వేసినప్పుడు మీరు నీటి దారిని మూయలేదు, అది ఆరే దారిని మూశారు. అందుకే నీరు పూత లేని చోటును వెతుక్కుంటూ కిటికీ గడప పైకి వెళ్లింది. టైల్సు వేస్తే మరక ఇంకా పైకి పోతుంది. పీవీసీ పలకలు బిగిస్తే వాటి వెనక చీకటిలో బూజు పెరుగుతుంది. బిగించడానికి చెక్క బద్దలు వాడితే చెదలు కూడా పడతాయి. మీ ఇంట్లో కాలు పెట్టబోయే బంధువులలో చిన్నపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దలు ఉంటారు కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

జవాబు: తాపీ మేస్త్రి, రావులపాలెం

అమ్మగారూ, ఇంజనీరు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు బయటి పని చేయాలి. గోడ వెంట రెండడుగుల వెడల్పున మట్టి తీసి, బయటి నేల లోపలి గచ్చు కన్నా కనీసం ఆరు అంగుళాలు కిందికి, వీలైతే ఇంకా కిందికి ఉండేలా చేసి, ఆ చోట గులకరాయి పోసి, నీరు గోడకు దూరంగా పారేలా వాలు ఇవ్వాలి. బట్టల బండను తప్పనిసరిగా మార్చాలి. రోజూ పడే ఆ సబ్బునీళ్లు బోదె ఊటకు తోడవుతున్నాయి.

లోపల మరక ఎక్కడిదాకా కనిపిస్తోందో దానికి ఒక అడుగు పైవరకు సిమెంటు ప్లాస్టరింగు పూర్తిగా కొట్టేయాలి. ఇటుకల అతుకులు అర అంగుళం లోతు గీకి, పొడిని ఎండు బ్రష్షుతో దులపాలి. చాలామంది ఇక్కడ గోడను నీళ్లతో కడుగుతారు; అలా చేస్తే లవణం కరిగి తిరిగి ఇటుకలోకే పోతుంది. రాలిన పొడిని కూడా గోడ మొదట్లో వదలకుండా ఎత్తి బయట పారేయాలి. ఆ తరువాత గోడను ఆరనివ్వాలి. ఇటుక గోడ మందం అంగుళానికి ఒక నెల చొప్పున ఆరుతుందని మాలో ఒక లెక్క ఉంది. తొమ్మిదంగుళాల గోడ రెండు వైపులా ఆరినా నాలుగు నెలలు దాటుతుంది. అందుకే సంక్రాంతి తరువాత కొట్టి, కాలువలు కట్టే వరకు వదిలేసి, మే నెలలో మళ్లీ పూత వేయడం మన ప్రాంతానికి సరిపడే పద్ధతి.

ఆ పూత సిమెంటుతో కాకుండా సున్నంతో వేయించండి. బాగా నానిన సున్నం ఒక పాలు, ఉప్పు లేని గోదావరి ఇసుక మూడు పాళ్లు, అందులో కొంత మెత్తని ఇటుకపొడి కలిపితే చెమ్మ చోట కూడా పట్టు వస్తుంది. సున్నపు పూత గోడలో మిగిలిన తడిని బయటికి పోనిస్తుంది, కొన్నేళ్లకు చెడినా ఇటుకను చెడనివ్వదు. మండువా ఇళ్ల గోడలు తరాల తరబడి నిలబడడానికి గానుగ సున్నమే కారణమని నేను నమ్ముతాను. ఎండ ముదిరిన రోజుల్లో వేస్తే తడి గోనెపట్టాలు వేలాడదీసి వారం రోజులు ఆరిపోకుండా చూసుకోవాలి. పైన వెల్ల వేయండి, ప్లాస్టిక్ రంగు వద్దు.

ప్రశ్న: భీమవరం దగ్గరి సభ్యుడు

ఈ చర్చలో నాదీ ఒక సందేహం. మా గోడ మే నెలలో, కాలువలు కట్టేసి ఉన్నప్పుడు కూడా మబ్బు పట్టిన రోజున చెమర్చుతుంది, ఎండ కాస్తే ఆరిపోతుంది. చుట్టూ రొయ్యల చెరువులు ఉన్నాయి.

జవాబు: విశ్రాంత ఇంజనీరు, రామచంద్రపురం

బాబూ, మీ గోడలో ఉప్పు బాగా చేరింది. క్లోరైడు లవణాలు గాలిలోని తేమను తామే పీల్చుకుంటాయి కనుక కింద నీరు లేకున్నా గోడ చెమర్చుతుంది. ఆ ప్లాస్టరింగును ఉంచి బాగు చేయడం సాధ్యం కాదు, కొట్టి దూరంగా పారేయవలసిందే. మళ్లీ పని చేయించేటప్పుడు ఉప్పుబోరు నీళ్లతో సున్నం గానీ సిమెంటు గానీ కలపనివ్వకండి. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. చెరువుల పక్క బోరు నీటిని పరీక్ష చేయించకుండా స్లాబుకు వాడితే లోపలి ఊచలు తుప్పు పడతాయి.

ప్రశ్న అడిగినవారు

మేస్త్రి గారూ, పద్ధతి అర్థమైంది, కానీ పెళ్లి మాఘంలో ఉంది, మీరు మేలో పూత వేయమంటున్నారు. గోడ ఇటుకలు కనిపిస్తుండగా శుభకార్యం చేసుకోవడం మా అత్తగారికి ఇష్టం లేదు. ఈలోగా ఏమి చేయవచ్చు? గోడలోకి రంధ్రాలు చేసి మందు ఎక్కిస్తే త్వరగా తేలిపోతుందని కూడా ఒకరు చెప్పారు.

జవాబు: తాపీ మేస్త్రి, రావులపాలెం

అత్తగారి మాట కాదనకండమ్మా, పెళ్లయ్యాకే గోడ కొట్టండి. బయటి మట్టి తీయడం, బండ మార్చడం మాత్రం వానలు తగ్గిన వెంటనే చేయండి. ఆ ఒక్క పనితోనే మాఘం నాటికి తేడా కనిపించాలి. లోపల ఉబ్బిన రంగును, వదులైన పెచ్చులను గీకి, ఎండు బ్రష్షుతో దులిపి, పెళ్లికి పది రోజుల ముందు రెండు దఫాలు వెల్ల వేయించండి. పాత పూత గట్టిగా మిగిలిన చోట వెల్ల పట్టదు కనుక దాన్ని కూడా గీకాలి. వెల్ల కొద్దిగా పొడి రాల్చవచ్చు కానీ ఉబ్బదు, గోడ ఆరడానికి అడ్డం రాదు. బీరువాను జానెడు ఇవతలికి జరపండి, బియ్యం బస్తాలను చెక్కబల్ల మీద, గోడకు తగలకుండా పెట్టండి.

జవాబు: విశ్రాంత ఇంజనీరు, రామచంద్రపురం

రంధ్రాల పద్ధతి మంచిదే. గచ్చుకు కాస్త పైన, ఇటుకల అతుకులో పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగైదు అంగుళాలకు ఒకటి చొప్పున వేసి, సిలేన్ అనే రసాయనం కలిసిన క్రీము ఎక్కిస్తారు. అది అతుకుల్లో పాకి నీటిని తోసేసే పొరగా మారుతుంది. మట్టితో కట్టిన పాత గోడలలో అది సమంగా పాకదు; మీవి సిమెంటు అతుకుల ఇటుక గోడలు కనుక మీ ఇంటికి ఈ పద్ధతి పనికొస్తుంది. అయితే బయటి మట్టి ఆ పొర కన్నా ఎత్తున ఉంటే దానివల్ల ఉపయోగం లేదు. మట్టి తీశాక వచ్చే సార్వా కాలం గడవనిచ్చి, అప్పటికీ చెమ్మ ఎక్కుతుంటేనే ఆ ఖర్చు పెట్టండి.

మరొక ముఖ్యమైన సంగతి ఉంది. ఆ తడి గోడలో స్విచ్చిబోర్డు గానీ ప్లగ్గు గానీ ఉంటే ఇప్పుడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకపోతే పెట్టించి, దాని మీది పరీక్ష బటను నొక్కి అది పడుతోందో లేదో చూసుకోండి. పెళ్లి రోజుల్లో సీరియల్ లైట్లకూ మిక్సీకీ ఆ ప్లగ్గునుంచి కరెంటు తీయనివ్వవద్దు.

జవాబు: తాపీ మేస్త్రి, రావులపాలెం

కూలీలతో మట్టి తీయించేటప్పుడు మీవారిని దగ్గర ఉండమనండి అమ్మగారూ, ఆయనకు నా మాటగా ఇది చెప్పండి: బేస్‌మట్టం తేలేవరకే తవ్వాలి, పునాది రాళ్ల కిందికి పోకూడదు. గోడ పొడవంతా ఒకేసారి తెరవకుండా నాలుగు గజాలు తవ్వి, గులకరాయి పోసి, తరువాతి నాలుగు గజాలకు వెళ్లండి. బోదెలో నీరు నిండుగా పారుతున్న వారంలో పార పెట్టకండి, వంతు అయిపోయి నీరు తగ్గాక మొదలుపెట్టండి.