అప్‌డేట్: అమ్మ పళ్ల సెట్టు ఇప్పుడు కదలడం లేదు

అమ్మ జొన్నరొట్టె తింటుంటే తీసిపెట్టుకునే పళ్ల సెట్టు కదులుతోంది, అసలు దాన్ని పట్టి ఉంచేదేంటి అని అడిగాను కదా. నల్లగొండలో చూపించాం. మిగిలిన సొంత పళ్లను చుట్టి, పంటి ఉబ్బు దాటి చిగురు వైపు సన్నగా ఉన్న చోట పట్టుకునే లోహపు క్లిప్పులే ముఖ్యమట. నమిలేటప్పుడు సెట్టు చిగుళ్లలోకి దిగకుండా పళ్ల మీద ఆనే చిన్న ఆధారాలు వేరే ఉంటాయి, లాలాజలం కూడా కొంచెం అంటిపెట్టి ఉంచుతుంది.

అమ్మది ఒక క్లిప్పు వదులైంది, డాక్టరమ్మ అక్కడే సరిచేసింది. ఇంట్లో మాత్రం వంచకండి ప్లీజ్, విరగొచ్చు, ఆ పన్ను మీద భారమూ పడొచ్చు. మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు పాడైనవాళ్లు ఎక్కువ, అందుకే క్లిప్పు పట్టే పన్ను గట్టిగా ఉందో లేదో ముందే చూపించుకోండి. పాచి కూడా అక్కడే చేరుతుంది, అమ్మ ఇప్పుడు రాత్రిళ్లు సెట్టు తీసి నీళ్లలో వేసి ఆ పళ్లను విడిగా తోముకుంటోంది.