ఫిన్నిష్ లాప్‌హుండ్ కుక్క అరుపులు తగ్గించేదెలా?

మేం ఫిన్లాండ్‌లోని ఎస్పోలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. మావాడు ఫిన్నిష్ లాప్‌హుండ్, 14 నెలలు. మనుషులంటే ప్రాణం, పిల్లలు తోక లాగినా ఏమీ అనడు. అరుపులతోనే గొడవ. ఇక్కడి ఉత్తరాది ఆదివాసులైన సామీ వాళ్ల రెయిన్‌డీర్ మందల్ని కాసిన జాతి కదా, అరిచి మందను కదిలించడం వీడి రక్తంలోనే ఉంది. ఇక్కడ రెయిన్‌డీర్ లేవు కాబట్టి సైకిళ్లను తోలుతున్నాడు! బాల్కనీ కమ్మీల మధ్య ముక్కు పెట్టి కూర్చుంటాడు, కింద పిల్లల స్కూటర్ చప్పుడైతే చాలు, మొదలు. మొన్న పక్కింటావిడ తలుపు కింద నుంచి చీటీ తోసింది. మర్యాదగానే రాసింది, దాంతో ఇంకా సిగ్గేసింది.

రెండు పూటలా గంటేసి నడిపిస్తున్నాం. "చాలు" అంటే ఆపడం నేర్పుతున్నాం గానీ చేతిలో చికెన్ ముక్క ఉన్నంతసేపే వింటాడు. బాల్కనీ తలుపు మూస్తే కిటికీ దగ్గరికి చేరతాడు. ఈ జాతిని ఫ్లాట్‌లో పెంచినవాళ్లు ఏం చేశారు? వాసన పట్టి వెతికే ఆటలు పనిచేస్తాయా, లేక మంద తోలే శిక్షణకే తీసుకెళ్లాలా?

ఇంకోటి. బొచ్చు ఊడే కాలం మొదలైంది, నిన్న సాంబార్‌లో కూడా తేలింది. హైదరాబాద్ నుంచి అమ్మేమో "గొరిగించెయ్యరా" అంటోంది. రెండు పొరల బొచ్చు గొరిగిస్తే సరిగ్గా తిరిగి రాకపోవచ్చని చెప్పినా వినదు. లోపలి మెత్తటి పొరకి మీరు ఎలాంటి దువ్వెన వాడుతున్నారు?