రాత్రిపూట బిడ్డకు జ్వరం వస్తే ఎవరిని అడగాలి?

ప్రశ్న (ఒక తల్లి, కోడుమూరు దగ్గరి పల్లె, కర్నూలు జిల్లా):
మా పాపకు రెండేళ్లు, బరువు పదకొండు కిలోలు. పోయిన ఆదివారం రాత్రి పదకొండు గంటలప్పుడు ఒళ్లు కాలిపోతుంటే థర్మామీటరు పెట్టి చూశాను, 102 డిగ్రీలు ఉంది. మేము ఎప్పుడూ చూపించే పిల్లల డాక్టరుగారి క్లినిక్ ఆదివారం తెరవరు. ఇంట్లో రెండు పారాసిటమాల్ సిరప్ సీసాలున్నాయి గానీ, ఒకదాని మీద 125 అని, ఇంకొకదాని మీద 250 అని ఉండటంతో ఏది ఎంత పోయాలో తెలియక, అత్తగారు వద్దంటున్నా ఊళ్లోని ఆర్.ఎం.పీ.ని పిలిపించాము. ఆయన ఏ మందో చెప్పకుండానే సూది వేసి వెళ్లారు. తెల్లారేసరికి జ్వరం దిగింది, నా భయం మాత్రం దిగలేదు. ఇలాంటి వేళ ఎవరిని అడగాలో, ఎప్పుడు కర్నూలుకు బయలుదేరాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (పిల్లల వార్డులో పనిచేసిన నర్సు, కర్నూలు):
అమ్మా, ముందు ఆ సీసాల సంగతి చూద్దాం. 125 అంటే 5 మి.లీ. సిరప్‌లో 125 మి.గ్రా. మందు ఉందని అర్థం. ఒక్కో మోతాదుకు కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా. ఇస్తారు కాబట్టి, మీ పాపకు 150 మి.గ్రా. సరిపోతుంది: 125 సీసాలోదైతే 6 మి.లీ., 250 సీసాలోదైతే 3 మి.లీ. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా ఇవ్వండి. వంటింటి చెంచాతో మాత్రం కొలవకండి.

సలహా కోసం 104కు ఫోను చేయవచ్చు. వయసు, బరువు, జ్వరం ఎంత, ఎప్పటి నుంచి, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారు అన్నవి కాగితం మీద రాసుకుని మాట్లాడండి. అయితే బిడ్డ పాలు గానీ నీళ్లు గానీ పట్టకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా సలహాల కోసం ఆగకూడదు, వెంటనే 108కి ఫోను చేయాలి. ఊపిరిని నిండు నిమిషం లెక్కపెట్టండి. ఏడాది దాటిన, ఐదేళ్లలోపు బిడ్డకు 40 లేదా ఆపైన ఉన్నా, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా అదీ ఆగే వేళ కాదు. మూడు నెలలలోపు పసికందుకు 100.4 డిగ్రీలు వచ్చినా చాలు, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో క్యాజువాలిటీ రాత్రంతా ఉంటుంది.

సమాధానం (ఒక తండ్రి, అనంతపురం):
మా వాడికి జ్వరంలోనే ఫిట్స్ వచ్చినప్పుడు మా అవ్వ వాడి చేతిలో తాళంచెవులు పెట్టింది, పక్కింటాయన పళ్ల మధ్య చెంచా పెట్టబోయాడు. 108కి ఫోను చేస్తే, నోట్లో ఏమీ పెట్టవద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడమని అవతలి వారు చెప్పారు. రెండు నిమిషాల్లో ఆగింది. ఐదు నిమిషాలు దాటితే ప్రమాదమని ఆ తర్వాత డాక్టరుగారు వివరించారు. ఆగిపోయినా సరే, మొదటిసారి వస్తే ఆ రాత్రే చూపించండి.

సమాధానం (మందుల దుకాణం, కడప):
వానాకాలంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆసిడ్ ఉన్న సిరప్‌లు డాక్టరు చెప్పకుండా వాడకండి. జ్వరం త్వరగా దిగుతుందని చాలామంది అవే అడుగుతారు. డెంగీలో జ్వరం తగ్గిన తరువాతే కడుపునొప్పి, వాంతులు, మత్తు మొదలవుతుంటాయి కనుక జ్వరం దిగిందని నిశ్చింతగా ఉండలేము. సూది వేసినవారెవరైనా సరే, మందు పేరు కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న అడిగిన తల్లి:
అందరికీ నమస్కారాలు. సిరప్ పోయగానే పాప కక్కేస్తే మళ్లీ పోయవచ్చా?

నర్సు:
అరగంటలోపే కక్కితే అదే మోతాదు మరొక్కసారి ఇవ్వవచ్చు. అరగంట దాటితే తరువాతి వేళ వరకు ఆగండి.