నోరు ఒకటంటా ఉంటే మాట ఇంకోటి వినపడతా ఉంది, ఎందుకబ్బా?

కావలి_కుట్టుమిషన్:
పెళ్లిళ్ల సీజను కదా, రాత్రి పది దాటాక జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటా 'వర్డ్ ఆఫ్ ఆనర్' చూస్తా ఉన్నా. చైనాది, 2021లో వచ్చింది, 36 ఎపిసోడ్లు. కత్తియుద్ధాల కథ అనుకుని మొదలుపెట్టా. కింద పడే ఇంగ్లీషు చదవాలంటే సూది ఆపాలి, అందుకని ఒక్కో ఎపిసోడ్‌కి గంటన్నర పడుతోంది.

పక్కన మంచం మీద మా జేజి కూడా చూస్తది. చదవడం రాదు, మొహాలే చూస్తది. చిన్నప్పటి నుంచి గూడూరులో తమిళం డబ్బింగ్ బొమ్మలు చూసిన మనిషి. మొన్న అంది: "ఈ పిల్లకాయలు అనేదీ మనకి వినపడేదీ ఒకటి కాదే. ఇది డబ్బింగా?" కాదు జేజీ, వాళ్ల భాషే అన్నా. వెనక్కి తిప్పి చూస్తే నిజమే! కొన్నిచోట్ల పెదాలు అస్సలు కలవడం లేదు.

ఇంకో సంగతి. వెన్ కెషింగ్ అనే ఆయన జౌ జిషు వెంట ఊళ్లు పట్టుకుని తిరుగుతా ఉంటాడు. వీళ్లిద్దరూ స్నేహితులేనా? జేజి అయితే "మొగుడూ పెళ్లాలు కూడా ఇట్ట చూసుకోరు" అనేసింది.

మైపాడు_గాలి:
మీ జేజికి దండం. నేను చెన్నైలో నాలుగేళ్లు డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ పని చేశాను, నాకే మూడో ఎపిసోడ్ దాకా తట్టలేదు.

అది డబ్బింగే. చైనాలో ఇలాంటి పాతకాలపు కథలకు చాలావరకు షూటింగ్ అయ్యాక వేరేవాళ్లు అదే భాషలో గొంతు ఇస్తారు. సెట్లో రొద, నటుల యాసలు, అదంతా ఒక కారణం. దాంతో ఇంకో వెసులుబాటు ఏమిటంటే, సెన్సారుకు పనికిరాని మాటను తర్వాత గొంతులో మార్చేయొచ్చు. పెదాలను మార్చలేరు కదా. ఈ సీరియల్ అభిమానులు పెదాలు చదివి, అసలు డైలాగు ఇదీ అని పోల్చుకుంటూ కూర్చున్నారు.

మూల నవలలో వాళ్లిద్దరూ జంటే, దాపరికం ఏమీ లేదు. చైనాలో 1997 నుంచి మగవాళ్ల మధ్య ప్రేమ నేరం కాదు, కానీ తెర మీద కుదరదు. 2016లో బయటికొచ్చిన టీవీ నిబంధనల్లో స్వలింగ ప్రేమను చూపించకూడని వాటిలో చేర్చారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే 'అడిక్టెడ్' అనే సీరియల్‌ని మధ్యలో ఆపేశారు. అందుకే తర్వాత వచ్చినవాళ్లు ముద్దు తీసేసి చూపు ఉంచారు, 'ప్రియుడు' తీసేసి 'జిజీ' ఉంచారు. మీ జేజి కాదులెండి. మన మనసు ఎరిగినవాడు అని దాని అర్థం. పాత మాట, మర్యాదైన మాట. ఎవరూ తప్పు పట్టలేరు.

పెన్నా_ఇసుక:
నిజం చెప్పాలంటే అలా దాచితేనే బాగుంటుంది. థాయ్‌లాండ్ వాళ్లవి చూశాను, అన్నీ చెప్పేస్తారు, నాలుగో ఎపిసోడ్‌కే నిద్రొచ్చింది. అదే చైనావాళ్ల 'ది అన్‌టేమ్‌డ్' సీరియల్ 50 ఎపిసోడ్లలో చెయ్యి పట్టుకుంటేనే నాకు గుండె దడదడలాడింది. పాపం, ఈ 'వర్డ్ ఆఫ్ ఆనర్' కూడా ఆ ప్రేమ వల్లే తీసేశారు.

మైపాడు_గాలి:
కాదండీ. దాన్ని అక్కడ 2021 ఆగస్టులో తీసేసింది, ఒక హీరో జపాన్‌లో యసుకుని మందిరం (చైనా మీద యుద్ధం చేసిన సైనికులను కూడా కొలిచే గుడి) దగ్గర దిగిన పాత ఫొటోల గొడవతో. అది వేరే తగువు. కానీ ఆ తర్వాత ఇలాంటి నవలలను సీరియళ్లుగా తీయడం మీద కూడా పట్టు బిగించారు. తీసి పూర్తిచేసినవి కూడా కొన్ని విడుదల కాకుండా ఉండిపోయాయి.

సింగరాయకొండ_ప్యాసింజర్:
ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, ఈసారి రాస్తున్నా.

దాచితేనే బాగుంటుంది అన్నవారికి ఒక మాట. ఒంగోలులో మేమిద్దరం ఏడేళ్లుగా ఒకే ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. ఓనరుగారి దృష్టిలో మేం మేనత్త మేనమామ బిడ్డలం. కందుకూరు నుంచి మావాడి అమ్మ వచ్చే ఆదివారం అటక మీది రెండో పరుపు దించి హాల్లో వేస్తాం. సాయంత్రం ఆమె బస్సెక్కాక మళ్లీ పైకెక్కిస్తాం. ఆమె ఎదురుగా ఒకరినొకరం "బావా" అనుకుంటాం. అదీ డబ్బింగే. 2018లో సుప్రీంకోర్టు మాలాంటివాళ్లను నేరస్తులన్న సెక్షన్ 377 సంగతి తేల్చింది గానీ పరుపు సంగతి తేల్చలేదు.

చూసేవాళ్లకి అందంగానే ఉంటుందేమో. మోసేది మేం.

(అయినా 'ది అన్‌టేమ్‌డ్' నేను కూడా మూడుసార్లు చూశాను. ఆ కోపం నా మీద నాకే.)

పెన్నా_ఇసుక:
అన్నా, నేను అలా ఆలోచించలేదు. సారీ.

కావలి_కుట్టుమిషన్:
ప్యాసింజర్ అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివా. అందం అన్న మాట నేను కూడా అనబోయి ఆగా.

రాత్రితో 36 అయిపోయింది. వెన్ కెషింగ్ జుట్టు తెల్లబడి ఒరిగిపోతే జేజి కోపంతో దుప్పటి కప్పేసుకుంది. చివర్న విడిగా చిన్న ముక్క ఒకటి ఉందని తెలిసి, లేపి మరీ చూపించా. ఇద్దరూ బతికే ఉన్నారు, మంచుకొండ మీద. చావు లేదంట, కానీ అక్కడ మంచు తప్ప ఇంకేం తినకూడదంట అని చెప్పా.

"చేపల పులుసు కూడానా?" అంది.

పులుసు కూడానే.

కాసేపు ఆలోచించి, "పోనీలే, ఇద్దరున్నారుగా" అని అటు తిరిగి పడుకుంది. నాకింకా పదకొండు జాకెట్లున్నాయి, ఇలాంటిదే ఇంకోటి ఉంటే చెప్పండి.