పొలం గట్టున ఉన్న మా పెద్దల సమాధులు: రాతిమీద తేదీ, శుభ్రత, అమ్మకం గురించి

ఆనేకల్ మనవడు అడిగినది:
మా కుటుంబం బెంగళూరులో స్థిరపడి మూడు తరాలైంది. ఆనేకల్ తాలూకాలోని మా పూర్వీకుల పొలంలో, దక్షిణపు గట్టున చింతచెట్టు కింద, ఇటుకా సున్నంతో కట్టిన సమాధులు కొన్ని, నిలువు రాళ్లు కొన్ని ముళ్లపొదల్లో కూరుకుపోయి ఉన్నాయి. ఒక రాతిమీద ‘విళంబి సం॥ కార్తీక’ వరకు చదవగలిగాము. మిగిలినది సున్నం పూతల కింద ఉంది. దాని పక్కనే జానెడెత్తు రాళ్లు రెండున్నాయి, పిల్లలవి కావచ్చు. దాయాదులు పొలం అమ్మాలంటున్నారు. ఆ రాయి ఏ కాలానిదో, దానిని శుభ్రం చేయవచ్చునో, అమ్మకం తర్వాత సమాధులు మాకు దక్కే మార్గమేమిటో తెలిసినవారు చెప్పగలరు.

పంచాంగప్రియుడు:
విళంబి సంవత్సరం అరవై ఏళ్లకొకసారి వస్తుంది కనుక, రాయి మరీ పాతది కాకుంటే అది 1898 గాని, 1958 గాని కావాలి; రెంటిలోనూ కార్తీకం నవంబరులోనే మొదలైంది. శాలివాహన శకం కూడా చెక్కి ఉంటే సందేహం తీరుతుంది: మొదటిదైతే ౧౮౨౦, రెండవదైతే ౧౮౮౦, అంటే మూడవ అంకె ఒక్కటి దొరికినా చాలు. 1898 ఆగస్టులో బెంగళూరులో ప్లేగు మొదలై జనం పేట వదలి పల్లెలకు తరలిన మాట నిజమే. అయినా, ఆ చిన్న రాళ్లను చూసి ప్లేగు మరణాలని వంశచరిత్రలో రాసుకోకండి. మసూచికి, జ్వరాలకు పసిబిడ్డలు పోని ఇల్లు ఆనాడు అరుదు.

రాతిపని తెలిసినవాడు:
సున్నాన్ని ఇప్పుడే గీకవద్దు. చీకటిపడ్డాక టార్చిలైటును రాతికి ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి వేయండి. పూత కింది గాడిలో కూడా నీడ పడి అక్షరం తేలుతుంది. సుద్దముక్కతో దిద్ది ఫొటో తీసే అలవాటు మనవాళ్లకుంది గాని, దిద్దేవాడు తాను ఊహించిన అక్షరాన్నే దిద్దుతాడు. యాసిడ్, ఇనుప బ్రష్ వద్దు. మంచినీళ్లు, మెత్తని బ్రష్ చాలు. ఇటుక సమాధిమీద రావిమొక్క ఉంటే పీకకుండా మొదట్లో కోయండి, లేకపోతే వేరుతోపాటు ఇటుకలూ వస్తాయి. సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని పాత సున్నం పొడిపొడిగా రాలిపోతుంది.

హొసకోట నివాసి:
ముందు పహణి (పొలం హక్కు, సాగు వివరాల రికార్డు) చూడండి. శ్మశానంగా వాడుకలో ఉన్న భూమిని ‘బి’ ఖరాబుగా (ప్రజల అవసరాలకు వదిలిన, సాగుకాని భూమిగా) రాస్తారు గాని, కుటుంబ సమాధులు సాధారణంగా సాగుభూమిలోనే కలిసి ఉంటాయి. అలా ఉంటే సర్వే నంబరుతోపాటు అవీ పోతాయి. కనుక సర్వేయరుతో 11ఇ నక్ష (సర్వే నంబరులో కొంత భాగాన్ని విడదీసి చూపే పటం) చేయించి, ఆ జాగాను అమ్మకంనుంచి మినహాయించడం సాధ్యమేమో కనుక్కోండి. అక్కడికి వెళ్లే దారిని హద్దులతో సహా విక్రయపత్రంలో రాయించండి. నోటిమాట కొన్నవారివరకే, వారివద్ద మళ్లీ కొనేవారు దానికి కట్టుబడరు. భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ సమాధి స్థలాల్లో అక్రమంగా చొరబడడాన్ని శిక్షిస్తుంది. అయితే మనసు నొప్పించాలన్న ఉద్దేశం వంటివి రుజువు కావాలి కనుక, ఆ భరోసాతో పత్రంలో రాయించడం మానవద్దు. అడ్వాన్సు తీసుకోకముందే దాయాదులందరి సంతకాలతో ఈ విషయం తేల్చుకోవడం మంచిది.